న్యాయమూర్తి చెంత

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల నడుమ గరిడేపల్లి యను గ్రామము కలదు. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఎడమకాలువ క్రింద ఆ ప్రాంతమున వరిపొలములు విస్తరించినవి. నీరు వచ్చినచోట భూమికి విలువ పెరుగును. విలువ పెరిగినచోట గట్టు తగాదాలును పెరుగును. అట్టి తగాదానుగూర్చిన చిన్న కథతో ఈ పాఠమును ప్రారంభింతము.

గరిడేపల్లిలో ఒక రైతునకు పొరుగు రైతుతో గట్టు విషయమై వ్యాజ్యము కలిగెను. హుజూర్‌నగర్ న్యాయస్థానమున ఒకరు గెలిచిరి. సూర్యాపేట న్యాయస్థానమున మరియొకరు గెలిచిరి. తుదకు ఆ వ్యాజ్యము హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానమునకు చేరెను. రైతు మేనల్లుడు అచ్చటనే ఒక న్యాయమూర్తికి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేయుచుండెను. ఉభయపక్షముల వాదనలును ముగిసినవి. తీర్పు మాత్రము ఇంకను వెలువడలేదు.

ఒక ఆదివారమునాడు రైతు కొత్త బియ్యపు మూటతో మేనల్లుని యింటికి వచ్చెను. కుశలప్రశ్నలైన పిమ్మట, గొంతు తగ్గించి, “అల్లుడా! నీవు జడ్జిగారి ప్రక్కనే మెలగుదువు గదా. తీర్పు ఎటు మొగ్గినదో ఒక్క మాట చెప్పుము. నేను ఎవ్వరితోను అనను” అనెను.

“మామా! కాళ్లు కడుగుకొని భోజనమునకు లెండు. ఆ మాట మాత్రము నన్ను అడుగవలదు.”

“నీకు తెలియదందువా?”

“తెలియుననియు చెప్పను, తెలియదనియు చెప్పను. ఈ బియ్యపు మూటను కూడ ఇప్పుడు తీసికొనిపొండు. తీర్పు వచ్చిన తరువాత తెత్తురేని సంతోషముతో పుచ్చుకొందును.”

రైతు ముఖము చిన్నబోయెను. ఎత్తుకొని పెంచిన చేతులకే అడ్డు చెప్పెనే యని నొచ్చుకొని, భోజనము చేయకయే మూటను భుజమున వేసికొని వెడలిపోయెను.

ఆ యువకుడు చేసినది కఠినకార్యమా? ధర్మకార్యమా? దీనిని నిర్ణయించుటకు ముందు, న్యాయమూర్తి చెంత పనిచేయువాని కొలువు ఎట్టిదో తెలిసికొనవలెను.

ఈ కొలువు నేటిది కాదు. మన ప్రాచీన ధర్మశాస్త్రములు న్యాయసభకు పది అంగములు చెప్పినవి. వానిలో రాజు, న్యాయాధికారి, సభ్యులు మొదలగువారితోపాటు లేఖకుడును ఒక అంగముగా పరిగణింపబడెను. లేఖకుడనగా సభలో పలికినదానిని పలికినట్లు వ్రాయువాడు. శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ యంకము న్యాయసభనే చూపును. అందు శకారుడను దుష్టుడు, తాను చేసిన అకృత్యమును చారుదత్తునిపై నెట్టుటకు వచ్చి, తొందరపాటున “నాచేత కాదు” అను మాట జారవిడుచును. న్యాయాధికారి వెంటనే ఆ మాటను మొదట వ్రాయుమని కాయస్థుని ఆజ్ఞాపించును. కాయస్థుడు వ్రాయును. తన మాటయే తన మెడకు చుట్టుకొనునని గ్రహించిన శకారుడు ఆ వ్రాతను కాలితో తుడిచివేయును. వ్రాతకెంత బలము కలదో, దానిని తుడిచివేయగోరువారు ఎల్లకాలములందు ఎట్లుందురో ఈ చిన్న ఘట్టము తెలుపుచున్నది.

నిజాము రాజ్యమున “పేష్కారు” అను పదము వాడుకలో నుండెను. పారసీకమున “పేష్” అనగా ఎదుట. కాగితములను అధికారి యెదుట పెట్టి నడపించువాడు పేష్కారు. నేటికిని తెలంగాణమున అధికారుల కార్యాలయమును “పేషీ” యనుట ఈ మాటనుండి వచ్చినదే.

ఆంగ్లేయుల కాలమున ఈ బాధ్యత మరియొక రూపము తాల్చెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో న్యాయమూర్తులు ఇంగ్లండునుండి వచ్చినవారు. వారికి తెలుగు తెలియదు, తమిళము తెలియదు. సాక్షులకు ఇంగ్లీషు తెలియదు. ఈ రెండు ఒడ్డుల నడుమ వంతెనవలె నిలిచినవాడు దుబాసీ. అట్టివారిలో సుప్రసిద్ధుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన ఆ న్యాయస్థానమున ప్రధాన దుబాసీగా, అనగా హెడ్ ఇంటర్‌ప్రిటరుగా పనిచేసెను. 1830 మే 18వ తేదీన బయలుదేరి, హైదరాబాదు, నాగపురము మొదలగు పట్టణముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరెను. మార్గమున తాను చూచినదానిని చూచినట్లు దినచర్యగా వ్రాసెను. ఆయన 1836లో కీర్తిశేషుడైన పిమ్మట, 1838లో అది “కాశీయాత్ర చరిత్ర” యను పేర అచ్చయ్యెను. ఊళ్లను, దారులను, ఆచారములను కల్పన లేక నమోదు చేసిన ఆ గ్రంథమును చదివినవారికి, విన్నదానిని విన్నట్లు తెలుపుట వృత్తిగా గల చేతినుండి అది వెలువడినదని తోపక మానదు.

ఆ కాలముననే మరియొక తెలుగువాడు, ఒంగోలు ప్రాంతీయుడైన వెన్నెలకంటి సుబ్బారావు, కుంపిణీవారి పెద్ద అప్పీళ్ల న్యాయస్థానమగు సదరు అదాలతులో 1815 నుండి 1829 వరకు అనువాదకుడుగాను, దుబాసీగాను ఉండెను. ఆయన తన జీవితకథను ఇంగ్లీషులో వ్రాసికొనెను. అది ఆయన మరణానంతరము 1873లో ప్రకటింపబడెను. మద్రాసు పాఠ్యపుస్తక సంఘమున సభ్యుడై, 1820లో నాటి బడుల చదువు స్థితినిగూర్చి నివేదికయు సమర్పించెను. వీరిరువురును తీర్పులు చెప్పినవారు కారు. అయినను వీరి నోట ఒక మాట తప్పినచో తీర్పే తప్పెడిది. 1862లో సుప్రీముకోర్టును, సదరు అదాలతును కలిసి మద్రాసు హైకోర్టుగా మారినవి.

హైదరాబాదులో మూసీనది యొడ్డున ఎఱ్ఱరాతి గుమ్మటములతో విరాజిల్లు ఉన్నత న్యాయస్థాన భవనము 1920లో ప్రారంభింపబడెను. నిజాము కాలపు హైకోర్టు అందే యుండెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఆ రాష్ట్ర హైకోర్టును, 2019 జనవరి 1వ తేదీనుండి తెలంగాణ హైకోర్టును అచ్చటనే నెలకొన్నవి. ఇచ్చట న్యాయమూర్తుల చెంత పనిచేయువారిని కోర్టుమాస్టరులనియు, పర్సనల్ సెక్రటరీలనియు వ్యవహరింతురు. పట్టభద్రులై, టైపు పరీక్షలోను, సంక్షిప్తలేఖనము అనగా షార్ట్‌హ్యాండు పరీక్షలోను ఉన్నతశ్రేణిలో ఉత్తీర్ణులైనవారే ఈ కొలువునకు అర్హులు. నిమిషమునకు నూటయేబది, నూటయెనుబది మాటల వేగముతో చెప్పినను తప్పక వ్రాయగల నేర్పు వారికి కావలెను. ఈ లిపులలో మిక్కిలి ప్రసిద్ధమైనదానిని 1837లో ఐజాక్ పిట్‌మన్ అను ఆంగ్లేయుడు ప్రకటించెను. సన్నగీత ఒక ధ్వని, లావుగీత మరియొక ధ్వని. చుక్క జరిగినచో అచ్చు మారును.

ఇక వీరి దినచర్య యెట్టిదో చూతము. ఉదయము న్యాయమూర్తి రాకపూర్వమే ఆనాటి వ్యాజ్యముల జాబితాను చేతబట్టి, ఒక్కొక్క కట్టను వరుసగా సర్దవలెను. ఏ కాగితము లోపించినను ముందుగనే తెప్పింపవలెను. న్యాయపీఠము క్రింద కూర్చుండి, వ్యాజ్యము పిలువబడగానే కట్టను అందింపవలెను. న్యాయమూర్తి ఉత్తర్వును నోట చెప్పుచుండగా వ్రాసికొనవలెను. సాయంకాలము దానిని టైపుచేసి చూపవలెను. న్యాయమూర్తి సిరాతో దిద్దును. ఒకమాట కొట్టివేయును, ఒకమాట చేర్చును, ఒక్కొక్కప్పుడు పుటయంతయు మార్చును. దానిని మరల శుద్ధప్రతి చేయవలెను. సంతకమైన పిమ్మట అది కార్యాలయమునకు పోవును. అచ్చటనుండియే కక్షిదారులకు నకళ్లు లభించును. వీనికితోడు రాకపోకల వేళలు, సమావేశములు, లేఖలు, ఫోనులు అన్నియు ఇతని చేతిమీదుగా నడచును. కక్షిదారుడెవ్వడును న్యాయమూర్తి గదివైపు రాకుండ చూచుటయు ఇతని విధియే.

ఈ పనికి రెండు ప్రాణములు కలవు. ఒకటి అక్షరశుద్ధి. రెండవది మౌనము.

అక్షరశుద్ధి యేల? తెలుగుననే ఒక ఉదాహరణము తీసికొందము. “ఇతనిని విడువదగును” అని యొక వాక్యము. “ఇతనిని విడువదగదు” అని యింకొక వాక్యము. భేదమెంత? తుది అక్షరములే. మొదటిదానితో ఒక మనుష్యుడు ఇంటికి పోవును. రెండవదానితో చెరసాలలో నుండును. ఇది పుస్తకములకే పరిమితమైన మాట కాదు. 2019 జనవరిలో మన దేశపు సుప్రీముకోర్టు, ఒక ధిక్కార వ్యాజ్యమున ప్రతివాది స్వయముగా హాజరగుట నుండి మినహాయింపు లేదని ఉత్తర్వు చెప్పెను. కోర్టువారి వెబ్‌సైటున ప్రకటింపబడిన ప్రతిలో “లేదు” అను అర్థమిచ్చు ఇంగ్లీషు మాట లోపించెను. లేదన్నది ఉన్నదైనది! విషయము బయటపడగా ఉత్తర్వు సవరింపబడెను. ఆ తరువాతి నెలలో ఇద్దరు ఉద్యోగులు కొలువునుండి తొలగింపబడిరి. శకారుడు కాలితో తుడిచినదియు “కాదు” అను మాటయే గదా! కాలము మారినను ఆ చిన్నమాట విలువ మారలేదు.

వ్రాతపొరపాటు పొరపాటుగనే జరుగవచ్చును. అందుచేతనే 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 152వ సెక్షనున, తీర్పులోని వ్రాతతప్పులను, లెక్కతప్పులను తరువాతనైనను దిద్దుటకు అవకాశము కల్పింపబడినది. కాని సంతకమైన తీర్పులో ఇతర మార్పులకు ఆ సెక్షను తావీయదు. కావున సంతకమునకు ముందే ప్రతి పంక్తిని చదివి సరిచూచుకొనువాడే మంచి కార్యదర్శి. న్యాయమూర్తి చెప్పినదానిలో ఒక తేదీ పొరపాటని తోచినచో తాను దిద్దరాదు. వినయముతో చూపి అడుగవలెను. దిద్దుట ఆయన పని. చూపుట ఇతని పని.

రెండవది మౌనము. ఇది మొదటిదానికంటె కష్టతరము. తీర్పు లోకమునకు తెలియుటకు కొన్ని దినములముందే టైపుచేసిన చేతికి తెలియును. ఎవరి పొలము ఎవరికి పోవునో, ఎవరి కొడుకు విడుదలయగునో ఆ చేతికి తెలియును. ఆ తెలిసిన దానిని కొనుటకు ధనవంతులు వత్తురు. ఏడ్చి అడుగుటకు పేదలు వత్తురు. ధనవంతుని కాదనుట సులభము. ఏడ్చువానిని కాదనుట సులభము కాదు.

“ఎట్లును నాలుగు దినములలో తెలియునదే గదా. ముందు చెప్పినచో వచ్చిన నష్టమేమి?” అని మీరు ప్రశ్నింపవచ్చును. దీనికి సుప్రీముకోర్టు 1953లో ఒక వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు సమాధానము చెప్పును. ఉత్తరప్రదేశమున ఒక హత్యానేరపు అప్పీలును ఇద్దరు న్యాయమూర్తులు విచారించిరి. తీర్పు వ్రాయబడెను. ఒక న్యాయమూర్తి సంతకము చేసెను. కాని దానిని సభలో చదువకముందే ఆయన 1952 డిసెంబరులో మరణించెను. రెండవ న్యాయమూర్తి 1953 జనవరిలో దానిని ఇరువురి తీర్పుగా ప్రకటించెను. ఉరిశిక్ష పడిన మనుష్యుని ప్రాణము ఆ కాగితముపై ఆధారపడియుండెను. సుప్రీముకోర్టు అది తీర్పే కాదనెను. బహిరంగసభలో పలుకబడు క్షణమువరకు న్యాయమూర్తి తన అభిప్రాయమును మార్చుకొనవచ్చును. మరణించినవాడు బ్రతికియున్నచో మార్చుకొనెడివాడేమో యెవరు చెప్పగలరు? కావున చిత్తుప్రతిపై సంతకమున్నను అది తీర్పు కాదని నిర్ణయించి, అప్పీలును మరల విచారింపుమని పంపెను.

విద్యార్థులారా! ఇందలి సారమును గమనింపుడు. కార్యదర్శి చేతిలోనిది తీర్పు కాదు. అది ఒక మనుష్యుని ఆలోచన మాత్రమే. ఇంకను మారుటకు స్వేచ్ఛ గల ఆలోచన. దానిని ముందుగ బయటపెట్టినచో ఆ స్వేచ్ఛకు భంగము కలుగును. ఒకవైపువారు పండుగ చేసికొందురు. మరియొకవైపువారు ఒత్తిడి తెత్తురు. ఆ తరువాత న్యాయమూర్తి నిజాయితీతో మనసు మార్చుకొన్నను, లోకము ఆ మార్పునకు వెల కట్టును. ఒక మాట జారినందున నిర్దోషియైన న్యాయమూర్తికి కళంకము వచ్చును.

ఇప్పుడు గరిడేపల్లి రైతు కథకు మరలుదము. మేనల్లునికి నిజముగా ఏమి తెలియును? ఏమియు తెలియదు. వ్యాజ్యము తమ న్యాయమూర్తి యెదుటికి వచ్చిన దినముననే, “ఇందు వాది నాకు మేనమామ. ఈ కట్టను నేను ముట్టరాదు” అని అతడు విన్నవించుకొనెను. న్యాయమూర్తి ఆ కట్టను మరియొకరికి అప్పగించెను. అట్లయినచో, “నాకు తెలియదు మామా” అని యేల చెప్పలేదు? అది సత్యమే గదా!

ఇచ్చటనే ఆ యువకుని వివేకము కలదు. తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలిసినప్పుడు ఊరకుండినచో, ఆ ఊరకుండుటయే ఒక జవాబగును. నేడు తెలియదన్నవాడు రేపు వేరొకరు అడిగినప్పుడు నోరు మూసికొనినచో, “వీనికి తెలియును” అని లోకము గ్రహించును. ముఖము చూచి మంచిదో చెడ్డదో ఊహించును. అందుచేత తెలిసినను, తెలియకున్నను, అడిగినవాడు మేనమామయైనను, మంత్రియైనను జవాబు ఒక్కటే కావలెను. తాళము ఎల్లప్పుడును వేసియున్న తలుపునకే లోపల ఏమున్నదో బయటివారికి తెలియదు.

కొన్ని దినములకు తీర్పు వెలువడెను. రైతు ఓడిపోయెను. మేనల్లునిపై అలుక ఇంకను పెరిగెను. పండుగకు కబురు పంపలేదు. తరువాత నాటువేళ, వివాదపడిన ఆ గట్టుపైననే పొరుగు రైతు ఎదురయ్యెను. మాటలమధ్య అతడు, “నీ మేనల్లుడు అచ్చటనున్నాడని మేము ఎంతయో భయపడితిమి. మావాడొకడు పోయి, కొంత ముట్టజెప్పియైనను సంగతి రాబట్టవలెనని చూచెను. నీ అల్లుడు కూర్చుండుమని మంచినీళ్లిచ్చి, ఒక్కమాటయు చెప్పక పంపివైచెను” అనెను.

రైతు కొంతసేపు మాటాడలేదు. తనకు మూసిన తలుపే ఎదుటివానికిని మూయబడినదని అప్పుడు అతనికి తెలిసెను. “నేను ఓడితిని గాని మోసపోలేదు” అని తనలో ననుకొనెను. కోతలైన పిమ్మట కొత్త బియ్యపు మూటతో మరల హైదరాబాదు బస్సు ఎక్కెను. ఈమారు మేనల్లుడు రెండుచేతులతోను ఆ మూటను అందుకొనెను. మామయు ఆపూట భోజనము చేసియే బయలుదేరెను.

నేటి న్యాయస్థానములలో యంత్రములు ప్రవేశించినవి. 2019లో సుప్రీముకోర్టు తీర్పులను దేశభాషలలోనికి అనువదించు యంత్రసాధనమును ప్రవేశపెట్టెను. 2023లో రాజ్యాంగ ధర్మాసనపు వాదనలను యంత్రమే అక్షరరూపమున పెట్టు ప్రయత్నము జరిగెను. ఆ సంవత్సరపు జూను మాసముననే తెలంగాణ హైకోర్టు ధర్మాసనమొకటి ఒక ఆస్తివివాదమున తెలుగులో తీర్పు వెలువరించెను. వీరాస్వామయ్య దుబాసీగా నుండిన కాలమున, తెలుగు కక్షిదారుడు తన గతి యేమైనదో మరియొకరి నోట వినవలసివచ్చెడిది. తన తీర్పును తాను చదువుకొనగల దినములు ఇప్పుడు ప్రారంభమైనవి. కాని యంత్రము వ్రాసినదానినైనను పంక్తి పంక్తియు సరిచూడవలసిన కన్ను మనుష్యునిదే. “దగును” అనుచోట “దగదు” పడినచో యంత్రము సిగ్గుపడదు.

మీలో కొందరు పెద్దవారై ఇట్టి కొలువులలో చేరవచ్చును. న్యాయమూర్తి పేరు తీర్పుపై నుండును. దానిని వ్రాసిన చేతి పేరు ఎందును ఉండదు. పేరు లేకున్నను ఆ చేయి శుద్ధముగా నున్నచో, గట్టుకు ఈవలివాడును ఆవలివాడును ఒకే నమ్మకముతో న్యాయస్థానపు మెట్లెక్కుదురు.

ప్రశ్నలు

1. శకారుడు కాయస్థుని వ్రాతను ఏల తుడిచివేసెను? 2019లో జరిగిన సంఘటనకును దీనికిని గల పోలిక యేమి?
2. ఏనుగుల వీరాస్వామయ్య, వెన్నెలకంటి సుబ్బారావుల కొలువునుగూర్చి వ్రాయుడు.
3. సంతకమైన చిత్తుప్రతియు తీర్పు కాదని సుప్రీముకోర్టు ఏల నిర్ణయించెను?
4. మేనల్లుడు “తెలియదు” అని చెప్పకపోవుటకు కారణమేమి? మీరు ఆ స్థానమున నున్నచో ఏమి చేసియుందురు?
5. “నేను ఓడితిని గాని మోసపోలేదు” — సందర్భమును వివరింపుడు.